మధుమేహము గలవారు – పొట్లములలోని ధాన్యాహారము

విశాఖపట్టణపు ఓడరేవునందును, ఉక్కు కర్మాగారమునందును పనిచేయు కుమారులు పండుగకు వచ్చునప్పుడు, మధుమేహము గల తండ్రికని చోడిమాల్టు, చిరుధాన్యపు బిస్కట్ల పొట్లములు తెచ్చుట ఇప్పుడు మన పల్లెలలో వాడుకయైనది. పొట్లముపై చోడికంకి బొమ్మను చూచి, ఇది మందువంటిదని నమ్మి రెండుపూటల త్రాగువారు కలరు. ఆ నమ్మకమునందు కొంత నిజమును, కొంత అపాయమును గలవు.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు 2017లో ప్రకటించిన పట్టికలనుబట్టి, 100 గ్రాముల చోళ్లలో పిండిపదార్థము సుమారు 67 గ్రాములు, పీచు 11 గ్రాములు ఉండును. మరబియ్యములో పిండిపదార్థము సుమారు 78 గ్రాములు, పీచు 3 గ్రాములకు లోపు. కావున చోళ్లు మేలైనవే. అయినను 67 గ్రాములు స్వల్పము కాదు. ఆ పిండిపదార్థము జీర్ణమై చక్కెరగానే రక్తములో కలియును. పీచు ఆ వేగమును తగ్గించునే కాని, పూర్తిగా ఆపజాలదు. అన్నము మానితిమి గనుక చోడి యెంతైనను తినవచ్చుననుట పొరపాటు.

ఇక పొట్లమును కొనునప్పుడు ముందువైపు బొమ్మను విడిచి వెనుకవైపు చూడవలెను. చేర్చిన పదార్థములను తూకములో ఎక్కువదానినుండి తక్కువదానికి వరుసగా వ్రాయవలెనని శాసనము. మొదట మైదాయో, చక్కెరయో ఉండి, చోడి తరువాత వచ్చినచో, అది పేరునకు మాత్రమే చోడి. బెల్లము, తేనె, గ్లూకోజు సిరపు, మాల్టోడెక్స్ట్రిన్ అనునవియు రక్తములో చక్కెరను పెంచునవే. "చక్కెర కలుపలేదు" అని వ్రాసినంతమాత్రమున పిండిపదార్థము లేదని కాదు.

పిదప 100 గ్రాములకు చక్కెర యెంతయో చూడవలెను. 40 గ్రాములని యున్నచో, ఒకమారు కలుపుకొను 30 గ్రాముల పిండిలో 12 గ్రాముల చక్కెర, అనగా రెండు మూడు చిన్న చెంచాలు, చేరును. పట్టీ ఇంగ్లీషులో నున్నచో చదువుకొన్న పిల్లలచే చదివించుకొనుడు.

మెత్తగా మరపట్టి జావగాచినది త్వరగా జీర్ణమగును. నూకగా వండినది, పప్పుతోను కూరలతోను కలిపి మితముగా తిన్నది నెమ్మదిగా జీర్ణమగును.

మాత్రలు గాని, ఇన్సులిన్ గాని వాడువారు ఆహారమును ఒక్కమారుగా మార్చరాదు. చక్కెర మితిమీరి తగ్గి స్పృహ తప్పు ప్రమాదము గలదు. వైద్యునితో చెప్పి, రక్తపరీక్ష చేయించుకొనుచు మార్చవలెను.

పాడేరు, అరకు మన్యమునందును, విజయనగరము మెట్టలయందును చోళ్లు, సామలు మన రైతులే పండించుచున్నారు. వానిని కొని, ఊరిమరలో పట్టించి, తవుడు జల్లింపక వాడుకొన్నచో, అందేమున్నదో తెలిసికొనుటకు ఏ పట్టీయు అక్కరలేదు. వెలయు తగ్గును, పండించినవానికి ఫలము దక్కును.