మామగారు వేసిన కంచె

సమస్య:
మాది మదనపల్లె దగ్గర పల్లె. పెరటికి వెనకవైపు ప్రహరీ లేదు. మేకలు జొరబడకుండా మా మామగారు కొండవార నుంచి ఏవో కొమ్మలు తెచ్చి వరసగా నాటారు. ఇప్పుడవి మనిషెత్తు పొదలై బావిగట్టు దాకా పాకాయి. పూలు గుత్తులు గుత్తులుగా, పసుపూ గులాబీ కలిసి ఉంటాయి. పక్కింటామె నూరు వరహాలు అంటుంది. నాకు నమ్మకం కుదరడం లేదు. చీర కొంగు ముళ్ళకు పట్టుకుంటోంది, ఆకు వాసనకు తల తిరుగుతోంది. మొన్న మా రెండేళ్ళ బాబు దాని కాయలు నోట్లో పెట్టుకోబోతే లాగేశాను. ఎన్నిసార్లు నరికించినా వాన పడితే చాలు, ముందుకంటే గుబురుగా లేస్తోంది. కలుపు మందు కొట్టేద్దామని మావారు. "పైసా ఖర్చు లేని కంచె, మేక కూడా ముట్టదు, దాని జోలికి పోవద్దు" అని మామగారు. ఆయన్ని నొప్పించకుండా దీన్ని వదిలించుకునేదెలా?
- ఒక కోడలు

సలహా:
నూరు వరహాలు కాదమ్మా. దాని ఆకు దళసరిగా, నున్నగా మెరుస్తుంది, ముల్లుండదు. మీ పెరట్లోది లాంటానా. పులికంప అనీ, తలంబ్రాల చెట్టు అనీ అంటారు. అనుమానం తీరాలంటే చేతికి గ్లౌజు వేసుకుని ఒక లేత కొమ్మ పట్టుకుని చూడండి. గుండ్రంగా కాక నాలుగు పలకలుగా తగులుతుంది, దాని మీద కిందికి వంగిన చిన్న ముళ్ళు. ఆకులు జతలు జతలుగా ఎదురెదురుగా, గరుకు కాగితంలా ఉంటాయి. గుత్తి నడుమ పూలు పసుపు, అంచున గులాబీ: విచ్చినప్పుడు పసుపుగా ఉన్న పువ్వే ముదిరేకొద్దీ రంగు మారుతుంది.

మీ మామగారి ఆలోచన వింతదేమీ కాదు. అమెరికా ఉష్ణమండలపు ఈ మొక్కను 19వ శతాబ్దం మొదట్లో కలకత్తా తోటలకు తెచ్చిందే అందానికీ, కంచెకూ. తర్వాత పిట్టలు పళ్ళు తిని గింజల్ని అడవులన్నిటికీ పంచాయి. మేక ముట్టదన్నదీ చాలావరకు నిజమే. కానీ ఎందుకు ముట్టదో ఆయనకు చెప్పండి. ఆకులోని లాంటాడీన్ అనే విషం పశువు కాలేయాన్ని చెడగొడుతుంది. ఎండాకాలం మేత దొరక్క తిన్న ఆవుకు కామెర్లొస్తాయి, ఎండ తగిలిన చోట చర్మం కాలినట్టు ఊడుతుంది. పిల్లలకు పచ్చికాయ ప్రమాదం. నల్లగా పండినవి చిన్నప్పుడు తిన్నామనే పెద్దలుంటారు, బాబు విషయంలో ఆ మాట లెక్కలోకి తీసుకోకండి. ఎప్పుడైనా మింగాడనిపిస్తే ఒక కొమ్మ కూడా పట్టుకుని వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

మందు మాట మీవారితో మానిపించండి. పసివాడు తిరిగే పెరడు, పక్కనే బావి. అసలు మీరు చేయించింది నరకడం, తీయడం కాదు. మొదట్లో వేరూ కాండమూ కలిసే చోటు మిగిలితే అది చిగురిస్తూనే ఉంటుంది. ఢిల్లీ విశ్వవిద్యాలయానికి చెందిన సి.ఆర్. బాబు బృందం అడవుల్లో చేసి చూపిన పద్ధతి ఇంటికీ పనికొస్తుంది. పక్క కొమ్మలు కొట్టేసి, మొదలు చుట్టూ మట్టి తీసి, నేలకు నాలుగు వేళ్ళ లోతున వేరును గడ్డపారతో తెగ్గొట్టండి. పెకలించిన దుబ్బును వేరు పైకి ఉండేలా తలకిందులుగా నిలబెట్టి ఎండనివ్వండి. పచ్చి కొమ్మ తడి నేలను తాకితే మళ్ళీ వేరు పోసుకుంటుంది. కాయలు రాలకముందే, ఒక వాన పడి నేల మెత్తబడ్డాక చేయించండి. తగలబెట్టొద్దు, ఆ పొగ పీల్చేది మీరే. గింజలు మట్టిలో ఉండనే ఉంటాయి కనక ఆ తర్వాత కూడా ప్రతి వానాకాలం మొలకలు కనబడగానే చేత్తో పీకేయాలి. ఈ చివరి పనే అందరూ మానేస్తారు.

ఇక కంచె. కంచె లేకుండా చేస్తే మీ మామగారికి కోపం రావడం న్యాయమే. ఆ వరసలోనే వాక మొక్కలు మూడడుగులకొకటి నాటించండి. ముల్లు దానికీ గట్టిదే, పైగా వాక్కాయ పప్పు, పచ్చడి మీ ఇంట్లోనే. అయితే ఒత్తుగా అల్లుకోవడానికి రెండు మూడేళ్ళు పడుతుంది. అప్పటిదాకా మీరు పెకలించిన లాంటానానే, పూర్తిగా ఎండాక, కాయలన్నీ దులిపి, ఎండు కంపగా అడ్డం వేయించండి. ఏ మొక్క ఎక్కడ నాటాలో మామగారినే గుంటలు గుర్తు పెట్టమనండి.