నిర్వికల్పకము: అనుభవసిద్ధమా? అనుమానసిద్ధమా?

తర్కసంగ్రహపాఠము ప్రత్యక్షపరిచ్ఛేదమునకు వచ్చునప్పటికి విద్యార్థికి రెండు పదములు కంఠస్థమగును. విశేషణవిశేష్యముల సంబంధమును స్పృశింపని జ్ఞానము నిర్వికల్పకము. ‘ఇది ఘటము’, ‘ఇతడు డిత్థుడు’ అను రూపమున విశేషణముతో కూడి పుట్టునది సవికల్పకము. ఇంతవరకు చిక్కు లేదు. బోధసౌకర్యము కొరకు దీనికి మరియొక మాట చేర్చుట మన తరగతులలో చాలకాలముగా వినబడుచున్నది. పాశ్చాత్య మనశ్శాస్త్రమున ‘సెన్సేషన్’ అనబడునదే నిర్వికల్పకమనియు, ‘పర్సెప్షన్’ అనబడునదే సవికల్పకమనియు ఆ మాట. ఈ సమీకరణము వినుటకు సులభముగా నున్నను న్యాయశాస్త్రవిషయమున సరికాదని నా అభిప్రాయము. అంతేకాదు, నైయాయికులు ఏ యుక్తిచే నిర్వికల్పకము నంగీకరించిరో ఆ యుక్తినే అది మరుగుపరచుచున్నది.

మొదట సూత్రమును చూతము. గౌతముడు ఇంద్రియార్థసన్నికర్షము వలన పుట్టు జ్ఞానమునకు అవ్యపదేశ్యము, అవ్యభిచారి, వ్యవసాయాత్మకము అను మూడు విశేషణముల నిచ్చెను. వాత్స్యాయనుని వ్యాఖ్యలో ఈ మూడును ఒకే జ్ఞానమునకు చెందినవి. అవ్యభిచారిపదము ఎండమావులలో నీటిని చూచుట వంటి భ్రమను, వ్యవసాయాత్మకపదము దూరమున కనబడునది పొగయో ధూళియో తేలని సంశయమును వారించును. అవ్యపదేశ్యపదమునకు, వస్తుజ్ఞానము నామముతో వ్యవహరింపబడినను నామము వలన పుట్టినది కాదని తాత్పర్యము. ప్రత్యక్షము రెండు విధములను మాట అచ్చట లేదు. అవ్యపదేశ్యమనగా నిర్వికల్పకము, వ్యవసాయాత్మకమనగా సవికల్పకము అని సూత్రమునకు విభాగపరముగా అర్థము చెప్పినవాడు తాత్పర్యటీకాకారుడగు వాచస్పతిమిశ్రుడు. ఈ మార్గము తన గురువగు త్రిలోచనునిదని ఆయనయే చెప్పుకొనెను. వాత్స్యాయనునకును వాచస్పతికిని నడుమ కొన్ని శతాబ్దములు గడచినవి. ఆ నడిమికాలమున దిఙ్నాగుడు వచ్చెను.

దిఙ్నాగునితో మన ప్రాంతమునకు కొంత సంబంధము కలదు. ఆంధ్రదేశమునందలి ఒక ఏకాంతపర్వతముపై ఆయన హేతువిద్యాగ్రంథమును రచించెనని 7వ శతాబ్దమున భారతదేశమునకు వచ్చిన హ్యూయన్‌త్సాంగ్ తన యాత్రావృత్తాంతమున తెలిపెను. ప్రమాణసముచ్చయమునకు సంస్కృతమూలము లభింపకపోవుటచే పండితులు చిరకాలము టిబెట్ అనువాదములపై ఆధారపడవలసి వచ్చెను. జినేంద్రబుద్ధి టీకయొక్క సంస్కృతప్రతి టిబెట్టున లభించి, అందలి మొదటి పరిచ్ఛేదము 2005లో ముద్రితమైన పిదప మూలమును చాలవరకు సరిచూచుకొను వీలు కలిగినది. దిఙ్నాగుని మతమున కల్పనారహితమగు జ్ఞానము మాత్రమే ప్రత్యక్షము. కల్పనయనగా నామజాత్యాదులను వస్తువుతో జోడించుట. డిత్థుడనుట నామకల్పన, గోవనుట జాతికల్పన, తెల్లనిదనుట గుణకల్పన, వంటవాడనుట క్రియాకల్పన, దండము గలవాడనుట ద్రవ్యకల్పన. ఇవన్నియు మనస్సు చేర్చినవే. ఇంద్రియమునకు దొరకునది స్వలక్షణము మాత్రమే. అది మాటకు అందదు. కావున సవికల్పకము ఎంత స్పష్టముగా తోచినను ప్రత్యక్షము కానేరదు.

ఈ మాట నంగీకరించినచో ఏమి పోవునో మీమాంసకులకును నైయాయికులకును బాగుగా తెలియును. గోత్వము కంటికి కనబడదు, అవయవి కనబడదు. పొగకును నిప్పునకును గల వ్యాప్తి సామాన్యద్వారమున తెలియవలసినదగుటచే అనుమానమునకు ప్రత్యక్షపు ఊత తొలగును. శబ్దమునకు జాతియే అర్థమని చెప్పు మీమాంసకుని వేదార్థవిచారము కూడ కదలిపోవును. కుమారిలభట్టు శ్లోకవార్తికమున అంత పట్టుదలతో వాదించుటకు కారణమిదియే. ఆయన నిర్వికల్పకమును త్రోసివేయలేదు. మొదట ఆలోచనాజ్ఞానమొకటి పుట్టును. అది పసిబిడ్డల, మూగవారి జ్ఞానము వంటిది. సామాన్యవిశేషములను వేరుపరుపక శుద్ధవస్తువును మాత్రమే గ్రహించును. పిదప జాత్యాదిధర్మములతో వస్తువును నిశ్చయించు జ్ఞానము కూడ, ఇంద్రియసంబంధము నిలిచియుండగనే పుట్టుచున్నది గనుక, ప్రత్యక్షమే. ఎండనుండి లోగదిలోనికి వచ్చినవానికి అడుగిడిన క్షణమున అచ్చటి వస్తువులు తోచవు. అంతమాత్రమున తరువాత తోచినవి కంటితో చూచినవి కాకపోవునా యని ఆయన ప్రశ్న. బౌద్ధునకు ఇంతకంటె సూటియైన ప్రత్యుత్తరము నాకు కనబడలేదు. ఇక భర్తృహరి మార్గము వేరు. శబ్దముతో అల్లుకొనని జ్ఞానమే లోకమున లేదనియు, పసిబిడ్డకు కూడ పూర్వజన్మాగతమగు శబ్దభావన కలదనియు ఆయన మతము. కుమారిలుని మూగవాని దృష్టాంతము వైయాకరణునకు కూడ సమాధానముగా పనికివచ్చును.

నవ్యన్యాయమునకు వచ్చునప్పటికి వాదస్వరూపమే మారినది. కాశికి పోయినంతమాత్రాన అన్నంభట్టు కాలేరని లోకోక్తికెక్కిన మన అన్నంభట్టు, దీపికలో నిర్వికల్పకమునకు ప్రమాణమేమని తానే ప్రశ్నించుకొనెను. అనుభవమని బదులు చెప్పలేదు, అనుమానమును చూపెను. ఒకనిని ‘దండి’యని తెలియుటకు ముందు దండము తెలిసియుండవలెను, విశిష్టజ్ఞానమునకు విశేషణజ్ఞానము కారణము. ‘గోవు’ అను జ్ఞానము గోత్వవిశిష్టమును గ్రహించునది గనుక దానికి ముందు గోత్వజ్ఞానము కావలెను. ఆ గోత్వజ్ఞానము కూడ సవికల్పకమేయైనచో దానికి మరియొక విశేషణజ్ఞానము, దానికింకొకటి కావలసివచ్చి అనవస్థ కలుగును. కావున ఏ ప్రకారమును లేకయే గోత్వమును గ్రహించు జ్ఞానమొకటి ఉండితీరవలెను. చూచితిమని చెప్పుట వేరు, ఉండితీరవలెనని చెప్పుట వేరు.

ఇందుండి వచ్చు ఫలములను గమనింపవలెను. ‘నేను ఘటమును ఎరుగుదును’ అను అనువ్యవసాయమున ఘటజ్ఞానము ఘటత్వప్రకారకముగా భాసించును. నిర్వికల్పకమునకు ప్రకారమే లేదు గనుక అది అనువ్యవసాయమున కందదు. అందుచేతనే విశ్వనాథపంచాననుని కారికావళిలో దానిని అతీంద్రియముగా పరిగణించిరి. ప్రమాలక్షణమును భ్రమలక్షణమును ప్రకారముపై ఆధారపడినవగుటచే నిర్వికల్పకము ప్రమయు కాదు, భ్రమయు కాదు. ప్రత్యక్షములో చేర్చబడిన జ్ఞానము తాను ప్రత్యక్షము కాకుండుట, యథార్థముగాని అయథార్థముగాని కాకుండుట మొదటిసారి చదువువారికి వింతగా తోచును. పాఠము ఇచ్చట ఆగి నిలువవలసినది. పరీక్షలను తలచుకొని మనమే ముందుకు సాగిపోవుదుము.

ఇప్పుడు సెన్సేషన్ మాట. 1879లో లైప్‌జిగ్ నగరమున మనశ్శాస్త్రప్రయోగశాలను స్థాపించిన వుంట్, అనుభవమును దాని మూలాంశములుగా విడదీయ పూనెను. సెన్సేషన్ అట్టి మూలాంశము. శిక్షణ పొందిన పరిశీలకుడు తనలో కలిగినదానిని గుర్తించి చెప్పగలడనుట ఆ పద్ధతికి ఆధారము. నైయాయికుని నిర్వికల్పకమో, అట్లు గుర్తింపబడుటకే వీలు లేనిది. విషయమునందును భేదము కలదు. ఎరుపు, చల్లదనము, ధ్వని వంటి సామాన్యగుణములు సెన్సేషనునకు విషయములు. వాటి కూర్పుచే వస్తుబోధ ఏర్పడును. న్యాయమతమున నిర్వికల్పకము ఘటమును, ఘటత్వమును గ్రహించును. అవయవియు జాతియు మొదటనే ఇంద్రియమునకు దొరకినవి. సంబంధము మాత్రమే పిదప భాసించును. ముక్కలను కూర్చి కుండను కట్టు పని అతనికి లేదు. విలియం జేమ్స్ 1890 నాటి తన గ్రంథమున, శుద్ధమైన సెన్సేషన్ పుట్టిన తొలిదినములలో తప్ప, జ్ఞాపకములు పేరుకొన్న పెద్దవారికి దాదాపు అసంభవమనెను. ఇది కుమారిలుని పసిబిడ్డను తలపించును. పోలిక చెప్పదలచినచో కుమారిలునితో కొంతవరకు చెప్పవచ్చును; అన్నంభట్టుతో పొసగదు.

తక్కిన దర్శనములలో ఈ పదముయొక్క అర్థము మరింత దూరము పోయినది. రామానుజమతమున ఒక జాతికి చెందిన మొదటి వ్యక్తిని చూచుట నిర్వికల్పకము, రెండవదానినుండి సవికల్పకము. మొదటిదియు సవిశేషమునే గ్రహించును, ఆ ఆకారము ఇతరవ్యక్తులలో అనువర్తించునని మాత్రము అప్పటికి తెలియదు. వేదాంతపరిభాషాకారుడు మహావాక్యజన్యమగు సంసర్గరహితజ్ఞానమును కూడ నిర్వికల్పకమనెను. మాధ్వులు దీనిని అంగీకరింపనే లేదు. ఇన్ని అర్థములు గల పదమునకు ఒక ఆంగ్లపదమును అంటగట్టుట ఎట్లు?

నిర్వికల్పకమునకు అనుమానమే ఆధారమైనచో ఆ అనుమానము ఎంత గట్టిదను ప్రశ్న మిగులును. 2000లో అరిందమ్ చక్రవర్తి ‘ఫిలాసఫీ ఈస్ట్ అండ్ వెస్ట్’ పత్రికలో, న్యాయము నుండి నిర్వికల్పకమును తొలగింపవచ్చునని ఏడు హేతువులను చూపగా, 2001లో స్టీఫెన్ ఫిలిప్స్ అదే పత్రికలో దానిని సమర్థించెను. నాకు ముఖ్యముగా తోచు శంక ఒకటి కలదు. విశేషణజ్ఞానము స్మృతిరూపమైనను చాలును గదా! నిన్న చూచిన గోత్వమును స్మరించి నేడు ‘గోవు’ అని తెలిసికొనవచ్చును. అందుచేత వాదమంతయు గోవును మొట్టమొదట చూచు బాలునిపై నిలుచును. ఆ బాలునకు మాత్రము పూర్వజన్మసంస్కారము లేదా? అప్పుడే పుట్టిన శిశువు స్తన్యము నభిలషించుటను న్యాయసూత్రములే ఆత్మనిత్యత్వమునకు హేతువుగా చూపినవి. ఆ అభిలాషకు పూర్వజన్మాభ్యాసమే మూలమని చెప్పినవి. స్తన్యవిషయమున స్మృతి కలుగగా గోత్వవిషయమున ఏల కలుగరాదు?

దీనికి ముక్తావళిలో మార్గము దొరకును. సంస్కారమున్నంతనే స్మృతి రాదు, ఉద్బోధకము కావలెను. స్తన్యవిషయమున జీవనాదృష్టమే ఉద్బోధకము; అది లేనిచో శిశువు బ్రతుకదు. గోత్వమును స్మరింపకున్నను బ్రతుకును. ఎదుటనున్న గోవే ఉద్బోధకమందురా? అది తెలిసి ఉద్బోధించునా, తెలియకయే ఉద్బోధించునా? తెలిసియే యన్నచో ఆ తెలివియే మనము వెదకుచున్న నిర్వికల్పకము. తెలియకయే, సన్నికర్షమాత్రము చేతనే యన్నచో, ఆ సన్నికర్షము గోత్వజ్ఞానమును సూటిగా పుట్టించుననక పూర్వజన్మను నడుమకు తెచ్చుట గౌరవదోషము.