దూడల పారుడు రోగము: సూక్ష్మజీవులలోని తెగలు



పుట్టిన రెండు మూడు రోజులకే దూడ నీళ్ళవలె పారుకొని, కండ్లు గుంటలుపడి చనిపోవుట మీరు చూచియుందురు. అదే కొట్టములోని పెద్ద పశువులకు ఏమియు కాదు. ఇంత లేత దూడలలో దీనికి తరచు కారణమగునది ‘ఇ. కోలై’ అను సూక్ష్మజీవి. చిత్రమేమనగా, ఇది పశువుల ప్రేగులలోను, మన ప్రేగులలోను ఎల్లప్పుడు ఉండునదే. చాలవరకు అపకారము చేయదు.

వరిని చూడుడు. ఒకచోట అగ్గితెగులును తట్టుకొన్న రకము మరియొకచోట లొంగిపోవును. ఏలననగా ఆ శిలీంధ్రములో పలు తెగలు కలవు. ఇ. కోలైలోను అంతే. దాని ఒంటిమీది కొన్ని పదార్థములను మన శరీరము పరాయివని గుర్తుపట్టి, వానికి విరుగుడుగా ప్రతిరక్షకములను తయారుచేయును. ఆ గుర్తులను ప్రతిజనకములందురు. పైపొరలోని ‘ఓ’ అను ఒక్క గుర్తులోనే 180 రకములవరకు ఉన్నవి. ఒక గుర్తుకు తయారైన ప్రతిరక్షకము సాధారణముగా మరియొకదానికి పనికిరాదు.

దూడను చంపు తెగకు రెండు ఆయుధములుండును. మొదటిది ‘కె-99’ అను సన్నని నూగు. దీనితో అది ఉత్తరేణి గింజ బట్టను పట్టినట్లు ప్రేగుగోడను పట్టును. లేత ప్రేగులోనే దీనికి పట్టు దొరకును. దూడ ఎదిగినకొలది ఆ పట్టు పోవును. పెద్ద పశువులు తప్పించుకొనుటకు ఇదియే ముఖ్య కారణము.

రెండవది విషము. ఇ. కోలై విషములలో ఒకటి వేడికి చెడును. అది 1959లో కలకత్తాలో శంభునాథ్ డే గారు కనుగొన్న కలరా విషమునకు దగ్గరి చుట్టము. దూడలలో ముఖ్యమైనది వేరు: మరిగించినను చెడనిది, మిక్కిలి చిన్నది. ఒంటిలోని నీటిని, ఉప్పును ప్రేగులోనికి తోడివేయును. అంత చిన్నది గనుక శరీరము దానిని గుర్తుపట్టజాలదు. అందుచేతనే చూడి పశువులకు వేయు టీకాలలో కె-99ను చేర్చుదురు. సూక్ష్మజీవిని ప్రేగుకు అంటుకొననీయకున్నచో విషము సాగదు.

అయితే టీకా వేసినది తల్లికి. దూడకు రక్షణ చేరుట ముర్రుపాల ద్వారానే. ఆవు, గేదెలలో గర్భములోనుండగా ప్రతిరక్షకములు దూడకు చేరవు. మాయ పడువరకు పాలు త్రాగనీయని ఆచారము కొన్నిచోట్ల ఇంకను కలదు. దీనివలన కలుగు నష్టము ఇంతింత కాదు. దూడ ప్రేగు ప్రతిరక్షకములను పీల్చు శక్తి గంటగంటకు తగ్గి, ఒక రోజులో దాదాపు పోవును. కావున రెండు గంటలలోపుననే పట్టించుడు. 25 కిలోల దూడకు మొదటి రోజున రెండున్నర లీటర్లు, మూడు నాలుగు సార్లుగా ఇయ్యవలెను.

పారుడు మొదలైనచో దూడను వేరుగా కట్టి, పశువైద్యుడు చెప్పిన లవణముల పొడిని నీటిలో కలిపి మాటిమాటికి త్రాగించుడు. పొరుగువారి ఇంట మిగిలిన మందుబిళ్ళలు మాత్రము వేయకుడు. వారి దూడకు పట్టినది ఈ తెగయే అని ఎట్లు చెప్పగలము? వైరసువలన వచ్చు పారుడుకు ఆ బిళ్ళలు అసలే పనిచేయవు.