స్వాతి చినుకు - ముత్యపు చిప్ప

ఉద్దేశం

స్వాతి కార్తెలో కురిసిన వాన చినుకు ముత్యమవుతుందన్నది మన కవిసమయాల్లో ఒకటి. ముత్యపు చిప్పల జీవనంలో ఋతువులకు గల స్థానాన్ని వివరించి, ప్రాణికోటి మనుగడకు కాలనియమం ఎంత అవసరమో విద్యార్థులు గ్రహించేటట్లు చేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

హైదరాబాదు పాతబస్తీలో చార్మినారు నుండి మదీనా కూడలి వైపు సాగే పత్తర్‌గట్టి వీధికి ఇరువైపులా ముత్యాల దుకాణాలు బారులు తీరి ఉంటాయి. సముద్రతీరం లేని ఈ నగరానికి ‘ముత్యాల నగరం’ అనే ప్రసిద్ధి రావడానికి అసఫ్‌జాహీ ప్రభువుల ఆదరణ ముఖ్య కారణం. పర్షియన్ సింధుశాఖలో లభించే బస్రా ముత్యాలంటే వారికి ఎంతో మక్కువ. 1995లో భారత ప్రభుత్వం కొనుగోలు చేసిన నిజాం ఆభరణాల్లో ‘సత్‌లడా’ అనే ఏడు పేటల ముత్యాలహారం ఆ వైభవానికి నిదర్శనం.

ముత్యం మన సాహిత్యానికీ ప్రియమైన వస్తువే. సంస్కృతంలో ముత్యపు చిప్పను ‘శుక్తి’ అంటారు. స్వాతి కార్తెలో శుక్తి నోరు తెరచి ఆకాశం వైపు చూస్తుందనీ, అందులో పడిన చినుకు ముత్యంగా మారుతుందనీ పూర్వులు భావించారు. కాల్చిన లోహంపై నశించిన నీటిబొట్టే తామరాకుపై ముత్యంలా భాసిస్తుందని, ముత్యపు చిప్పలో మణి అవుతుందని భర్తృహరి చెప్పిన నీతిని ఏనుగు లక్ష్మణకవి అనువాదం ద్వారా తెలుగువారు తరతరాలుగా నేర్చుకొంటున్నారు. సాంగత్యాన్ని బట్టి మనిషి విలువ మారుతుందన్న ఆ ఉపదేశం సత్యం. అయితే ముత్యం పుట్టుకకు విజ్ఞానశాస్త్రం చెప్పే కారణం వేరు.

ముత్యపు చిప్ప రెండు పెంకుల మధ్య నివసించే మెత్తని జీవి. ఆ పెంకుల లోపలి వైపున ‘ప్రావారం’ అనే పలుచని పొర ఉంటుంది. పెంకును నిర్మించేది ఈ పొరే. పరాన్నజీవి తొలిచినప్పుడో, గాయమైనప్పుడో ప్రావారంలోని కణాలు కొన్ని లోపలి కండలోకి చొచ్చుకొనిపోతాయి. అక్కడ అవి సంచిగా ఏర్పడి, తమ అలవాటు చొప్పున మెరిసే పదార్థాన్ని పొరలు పొరలుగా స్రవిస్తాయి. అదే ముత్యం. ముత్యం చిప్పకు పుట్టిన సంతానం కాదు. అది గాయం చుట్టూ పేరుకొన్న పూత. చిప్పకు సంతానం కలిగే విధానం వేరు. వానకాలానికి నిజంగా సంబంధం ఉన్నది ఆ విధానంతోనే.

భారతదేశపు ముత్యాలకు ప్రసిద్ధి చెందిన మన్నారు సింధుశాఖలో నివసించే ముత్యపు చిప్పను శాస్త్రజ్ఞులు ‘పింక్టాడా ఫ్యూకేటా’ అని పిలుస్తారు. ఆహారంగా ఉపయోగపడే ప్లవకాలు నీటిలో సమృద్ధిగా ఉన్నప్పుడు ఈ జీవి తన దేహంలో గ్లైకోజెన్ రూపంలో శక్తిని నిలువ చేసుకొంటుంది. ఆ నిలువతోనే బీజకోశాలు క్రమంగా పెరిగి, పండి, నిండుతాయి. నీటి ఉష్ణోగ్రతలోను, లవణీయతలోను మార్పు రాగానే అండాలను, శుక్రకణాలను సముద్రంలోకి విడుదల చేస్తుంది. ఆ తరువాత బీజకోశాలు ముడుచుకొనిపోయి కొంతకాలం విశ్రాంతి పొందుతాయి. రైతుకు దుక్కి, విత్తు, కోత, బీడు ఉన్నట్లే చిప్పకూ ఈ నాలుగు దశలు ఉన్నాయి. శీతల దేశాల్లో ఇది సాధారణంగా వేసవిలో జరుగుతుంది. మన సముద్రంలో మాత్రం నైరుతి ఋతుపవన కాలంలో ఒకసారి, ఈశాన్య ఋతుపవన కాలంలో మరొకసారి బీజోత్పత్తి ఉద్ధృతంగా ఉంటుంది. స్వాతి కార్తె అక్టోబరు చివరి వారంలో, ఈశాన్య ఋతుపవనం ప్రవేశించే వేళకు వస్తుంది. చినుకు ముత్యం కాకపోయినా, ఆ వానల కాలం చిప్పల వంశవృద్ధికి అనువైన కాలమే!

ముత్యపు చిప్పలు రాళ్ళకు అంటుకొని జీవిస్తాయి. కాబట్టి స్త్రీ, పురుష జీవులు ఒకదానినొకటి వెదుక్కొంటూ పోలేవు. ఒక చిప్ప బీజకణాలను విడుదల చేయగానే, నీటిలో కలిసిన రసాయనాల ప్రేరణతో పక్కనున్న చిప్పలు కూడా విడుదల చేస్తాయి. ఫలదీకరణం దేహం వెలుపల, నీటిలోనే జరుగుతుంది. ఒక్క తల్లి లక్షలాది అండాలను విడుస్తుంది. పుట్టిన డింభకం మొదట ‘ట్రోకోఫోర్’గా, తరువాత ‘వెలిజర్’గా మారి, సన్నని శైలికలతో ఈదుతూ సుమారు మూడు, నాలుగు వారాలు ప్రవాహంలో కొట్టుకొనిపోతుంది. చేపలకు, ఇతర ప్రాణులకు ఆహారం కాగా మిగిలిన కొద్ది డింభకాలు మాత్రమే అనువైన రాయిని చేరి, దారాల వంటి పోగులతో అంటుకొని చిప్పలుగా ఎదుగుతాయి.

ఇక్కడ గమనింపదగిన విశేషం మరొకటి ఉంది. లేత వయస్సులో ఈ చిప్పల్లో అధిక భాగం పురుష జీవులే. వయస్సు పెరిగిన కొద్దీ వాటిలో చాలా వరకు స్త్రీ జీవులుగా మారుతాయి. అందువల్ల పెద్ద చిప్పలను ఏరి పట్టుకొనే వేటగాడు తనకు తెలియకుండానే తల్లులను ఏరివేస్తున్నాడు. చిప్పలు పలుచబడిన కొద్దీ వాటి మధ్య దూరం పెరిగి, అండాలు, శుక్రకణాలు కలిసే అవకాశం తగ్గిపోతుంది. ఒకసారి దెబ్బతిన్న చిప్పల పడక తేరుకోవడానికి ఎన్నో ఏళ్ళు పట్టడానికి ఇదొక కారణం. శతాబ్దాలుగా పేరుపొందిన తూత్తుకుడి ముత్యాల వేట 1961తో ఆగిపోయింది.

ముత్యాల సంపద తరిగిన కాలంలో మానవుడు ముత్యాల సాగును ఆశ్రయించాడు. 1893లో జపాను దేశీయుడు మికిమోటో కోకిచి అర్ధగోళాకారపు ముత్యాన్ని సాధించాడు. మన దేశంలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ 1973లో తూత్తుకుడి సమీపంలో ముత్యాన్ని పండించింది. 1981లో ప్రయోగశాలలో చిప్పల పిల్లలను ఉత్పత్తి చేసింది. ఈ పద్ధతిలో చిన్న పూసను, ప్రావారపు ముక్కను చిప్ప బీజకోశంలోనే అమరుస్తారు. బీజకోశం అండాలతో నిండి ఉంటే శస్త్రచికిత్స కష్టమవుతుంది. అందుచేత అది ఖాళీగా, విశ్రాంతి దశలో ఉన్న చిప్పలను ఎంచుకొంటారు. జీవి ఋతుధర్మం తెలియనివాడు ముత్యాన్నీ పండించలేడు.

నేడు పత్తర్‌గట్టిలో అమ్ముడుపోయే ముత్యాల్లో చైనా మంచినీటి ముత్యాలు విస్తారంగా ఉన్నాయి. మంచినీటి చిప్పల సంతతి కథ ఇంకొక తీరు. తల్లి చిప్ప అండాలను నీటికి వదలక తన మొప్పల్లోనే దాచుకొంటుంది. అక్కడ ఎదిగిన డింభకాలు బయటపడి, చేపల మొప్పలకో రెక్కలకో అంటుకొని కొంతకాలం గడుపుతాయి. కాబట్టి చేపలు కనుమరుగైన చెరువులో ఆ చిప్పల వంశమూ నిలువదు.

మన ఆంధ్ర తీరంలో కాకినాడ అఖాతం రెండు పెంకుల జీవులకు ప్రసిద్ధ స్థానం. రక్తవర్ణపు గుల్లలు, కాంతిని ప్రసరింపజేసే పలుచని బల్లపరుపు చిప్పలు అక్కడ లభిస్తాయి. వీటి పెంకులు సున్నం తయారీకి వినియోగపడ్డాయి. గుల్లలు ఏరే కుటుంబాల జీవిక సముద్రం మీద ఆధారపడి ఉన్నట్లే, సముద్రపు సమృద్ధి ఆ కుటుంబాలు పాటించే నియమంపై ఆధారపడి ఉంది. చేపల సంతతి కోసం తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు యాంత్రిక పడవల వేటను నిషేధిస్తున్నారు. ఆ నియమం వెనుక ఉన్న వివేకం గుల్లలకూ వర్తిస్తుంది. అయితే ప్రతి జీవికీ తనదైన ఋతువు ఉంది. దాన్ని తెలుసుకొని, ఆ కాలంలో చేయి ఆపడమే సరైన రక్షణ.

కవి చినుకులో ముత్యాన్ని చూశాడు. శాస్త్రజ్ఞుడు వానకాలపు సముద్రంలో కోట్లాది కంటికి కనపడని ప్రాణాలను చూశాడు. మొదటి చూపు మనకు సౌందర్యాన్ని నేర్పితే, రెండవది బాధ్యతను నేర్పుతుంది. విద్యావంతునికి రెండూ అవసరమే.

అర్థాలు

కవిసమయం = కవులు సంప్రదాయంగా అంగీకరించిన కల్పన
శుక్తి = ముత్యపు చిప్ప
భాసించు = ప్రకాశించు
సాంగత్యం = స్నేహం, కలయిక
డింభకం = గుడ్డు నుండి వెలువడిన తొలి రూపం
శైలికలు = కదలికకు తోడ్పడే అతి సన్నని వెంట్రుకల వంటి భాగాలు
లవణీయత = ఉప్పదనం
అఖాతం = మూడు వైపుల నేల గల సముద్రభాగం

ప్రశ్నలు

1. ముత్యం పుట్టుకను గూర్చిన కవిసమయాన్ని, శాస్త్ర వివరణను పోల్చి రాయండి.
2. ముత్యపు చిప్పల సంతానోత్పత్తిలో ఋతుపవనాల పాత్రను వివరించండి.
3. పెద్ద చిప్పలను మాత్రమే ఏరడం వల్ల కలిగే నష్టం ఏమిటి?
4. మంచినీటి చిప్పల మనుగడకు చేపలు ఎందుకు అవసరం?