కొలిమియు ఊపిరియు
2021 ఏప్రిల్ మాసమున కోవిడ్ ఉధృతికి దేశమంతట ఆసుపత్రులలో ప్రాణవాయువు కొఱవడెను. భిలాయి ఉక్కు కర్మాగారమున గాలిని మిక్కిలి చల్లార్చి ప్రాణవాయువును వేఱుచేయుదురు. అది సున్నకు దిగువ 183 డిగ్రీల వద్ద ద్రవమగును. కరగిన యినుములోని కర్బనమును దహించు ఆ వాయువే నాడు రోగుల శ్వాసకై టాంకరుల కెక్కెను. భిలాయి నెలకొన్న దుర్గ్ జిల్లాయే ఏప్రిల్ 6 నుండి లాక్‌డౌనులో నుండెను. అయినను, కాంగ్రెసు పాలనలోని ఛత్తీస్‌గఢ్ నుండి ఆ టాంకరులు భారతీయ జనతా పార్టీ పాలించుచున్న మధ్యప్రదేశమునకును, శివసేన నాయకత్వమున కూటమి పాలించుచున్న మహారాష్ట్రమునకును సాగెను. నాయకుల వాదములు ఆగలేదు; ప్రజాస్వామ్యమున వాదము దోషమును కాదు. రోగికి చేరవలసిన వాయువు దారిలో నిలుచుట మాత్రము దోషమే. టాంకరులను ఏ రాష్ట్రమును అడ్డగింపరాదని ఏప్రిల్ 22న కేంద్ర హోంశాఖ ఆజ్ఞాపింపవలసివచ్చుట విచారకరము! ఆ దినముననే, విశాఖ ఉక్కు కర్మాగారమున నింపిన ఏడు టాంకరులతో మొదటి ఆక్సిజన్ రైలు మహారాష్ట్రమునకు బయలుదేరెను.