మన సర్వర్ పక్క గదికి ఎందుకు కనబడదు?



హాస్టల్‌లో ఉండగా మేము ముగ్గురం ఒకే పాత ల్యాప్‌టాప్ మీద జాంగో నేర్చుకున్నాము. జాంగో అంటే పైథాన్ భాషలో వెబ్‌సైట్లు తయారు చేసుకునే ఫ్రేమ్‌వర్క్. అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో ఒక దినపత్రిక వెబ్‌సైట్ పనుల కోసం పుట్టి, 2005లో అందరికీ ఉచితంగా విడుదలైంది.

మేము మొదట చేసినది హాస్టల్ లైబ్రరీ రిజిస్టరు. ల్యాప్‌టాప్‌లో చక్కగా వచ్చింది. పక్క గదిలోని మిత్రునికి ఫోన్‌లో చూపిద్దామంటే మాత్రం పేజీ తెరుచుకోలేదు. "ఇవి మనలాంటి వాళ్లకు వచ్చే చదువులు కావురా" అని మాలో ఒకడు ల్యాప్‌టాప్ మూసేశాడు. మాకు తెలియనివి మూడే మూడు సంగతులని తర్వాత తెలిసింది. అవి మీకు ముందే తెలియాలని ఈ వ్యాసం రాస్తున్నాము.

1. చిరునామా: రన్‌సర్వర్ ఆదేశం ఇస్తే సర్వర్ 127.0.0.1 అనే చిరునామాలో, 8000 పోర్టులో మొదలవుతుంది. 127.0.0.1 అంటే "నేనే" అని అర్థం. ఫోన్‌లో అదే కొడితే ఫోన్ తనలోనే వెతుక్కుంటుంది. అందుకే రన్‌సర్వర్ పక్కన ఖాళీ వదిలి 0.0.0.0:8000 అని చేర్చాలి. అప్పుడు ల్యాప్‌టాప్‌కు ఉన్న అన్ని నెట్‌వర్క్ చిరునామాల మీదా సర్వర్ వింటుంది. ఫోన్‌లో కొట్టవలసింది మాత్రం ల్యాప్‌టాప్ అసలు చిరునామా. విండోస్‌లో ఐపికాన్ఫిగ్ ఆదేశంతో అది తెలుస్తుంది. ఉదాహరణకు 192.168.1.5 అని వస్తే, ఫోన్‌లో 192.168.1.5:8000 కొట్టాలి. ముందు హెచ్‌టిటిపి ఉండాలి. హెచ్‌టిటిపిఎస్ అయితే ఈ సర్వర్ పలకదు.

2. అనుమతి జాబితా: ఇప్పుడు "డిజలౌడ్ హోస్ట్" అని తప్పు చూపిస్తే సంతోషించండి. ఫోన్ సర్వర్ దాకా వచ్చిందన్నమాట. సెట్టింగ్స్ ఫైలులో అలౌడ్ హోస్ట్స్ అనే జాబితా ఉంటుంది. అందులో 192.168.1.5ను కోట్స్ మధ్య రాసి సేవ్ చేయాలి.

3. అడ్డుగోడ: పేజీ అసలే రాకుండా తిరుగుతూ ఉంటే ఫైర్‌వాల్ అడ్డుకుంటున్నదేమో చూడండి. రెండు యంత్రాలూ ఒకే వైఫైలో ఉండాలి. కొన్ని కాలేజీ వైఫైలలో ఒక పరికరాన్ని మరొకటి చేరనివ్వరు. అప్పుడు ఫోన్ హాట్‌స్పాట్ వాడి చూడండి.

ఇక మేము చేసిన పొరపాటు. గెలిచామన్న ఉత్సాహంలో అదే రిజిస్టరును ఇంటర్నెట్‌లో అద్దెకు తీసుకున్న సర్వర్‌లో పెట్టి, 0.0.0.0 ఇచ్చి, జాబితాలో ఎవరైనా రావచ్చునని నక్షత్రం గుర్తు రాశాము. అందులో విద్యార్థుల పేర్లు, వారి తల్లిదండ్రుల ఫోన్ నంబర్లు ఉన్నాయి. ఒక సీనియర్ అన్న చూసి, "మీ అమ్మ నంబరు గోడ మీద రాస్తావా?" అని అడిగాడు. వెంటనే ఆపేశాము. డీబగ్ ట్రూ అని ఉన్నంతకాలం, తప్పు జరిగినప్పుడల్లా మన కోడ్ వరుసలు, సెట్టింగులు చూసేవారందరికీ కనబడతాయి. ఈ సర్వర్ నేర్చుకోవడానికే గాని ప్రజలకు తెరవడానికి కాదని జాంగో వారే స్పష్టంగా రాశారు.

దూరపు సర్వర్‌లోని పనిని మీరొక్కరే చూడాలంటే ఎస్ఎస్‌హెచ్ సొరంగం మంచి దారి. అక్కడ రన్‌సర్వర్‌ను మామూలుగానే నడపండి. మీ యంత్రంలో ఎస్ఎస్‌హెచ్ ఆదేశానికి హైఫన్, పెద్ద ఎల్ అక్షరం, ఆ తర్వాత 8000:127.0.0.1:8000 చేర్చి, చివర మీ యూజర్ పేరు, సర్వర్ చిరునామా ఇవ్వండి. బ్రౌజర్‌లో 127.0.0.1:8000 కొడితే అక్కడి పేజీ ఇక్కడ కనిపిస్తుంది. బయటివారికి ఆ తలుపు మూసే ఉంటుంది.

తమ్ముళ్లారా, సర్వర్ "రావద్దు" అంటే మీకు చదువు రాదని కాదు. చిరునామా, జాబితా, అడ్డుగోడ వరుసగా చూసుకోండి. ల్యాప్‌టాప్ మూసేసిన ఆ మిత్రుడు మర్నాడు మళ్లీ తెరిచాడు. ఈ రోజు అతనికి అన్నం పెడుతున్నది ఈ పనే.