అంతర్జాల విద్యాబాంధవ్యం – గ్రంథపాలకుని కర్తవ్యం

విజయనగరానికి సమీపంలో, నెల్లిమర్ల మండలంలో ఉన్న రామతీర్థం నేడు రామాలయం వల్ల ప్రసిద్ధి చెందిన క్షేత్రం. ఆ ఊరి కొండలపై విద్యాచరిత్ర కూడ కొంత నిలిచి ఉన్నది. గురుభక్తులకొండపై బౌద్ధ భిక్షువుల విహారాల శిథిలాలున్నవి. దుర్గకొండ గుహలో, 1011 నుండి 1018 వరకు పాలించిన తూర్పు చాళుక్య రాజు విమలాదిత్యుని కాలపు కన్నడ శాసనమొకటి ఉన్నది. రాజగురువైన జైనాచార్యుడు త్రికాలయోగి సిద్ధాంతదేవుడు రామకొండను దర్శించి నమస్కరించినట్లు ఆ శాసనం తెలుపుతున్నది. వేంగి రాజును, కన్నడ భాషను, కళింగసీమలోని ఈ కొండను ఒకచోట కలిపినది ఒక గురువు ప్రయాణం. ఒక విద్వాంసుడు మరొక విద్వాంసుని కలిసికొనవలెనంటే ఎంతో దూరం నడవవలసిన కాలమది.

నేడు ఆ దూరాన్ని చేతిలోని ఫోను హరించినది. ఉపాధ్యాయులు, పాఠశాల గ్రంథపాలకులు తమ వృత్తికి సంబంధించిన సందేహాలను, అనుభవాలను, పాఠ్యసామగ్రిని అంతర్జాలం ద్వారా ఒకరితో ఒకరు పంచుకొనే సమూహాలు దేశమంతటా వెలిసినవి. మన విద్యార్థులలో పలువురు రేపు డి.ఎడ్., బి.ఎడ్. చదివి బడులలో ప్రవేశించబోవువారు గనుక, ఇట్టి సమూహాల ప్రయోజనమేమి, వాటి లోపమేమి అన్న విషయం ఇప్పుడే విచారించదగి ఉన్నది.

వృత్తి బాంధవ్యమనునది మన ప్రాంతానికి కొత్తది కాదు. ఉత్తర సర్కారు జిల్లాలకు పాఠశాలల పరీక్షాధికారిగా వచ్చిన జె.ఎ. యేట్స్‌కు ఒక సందేహం కలిగినది. ప్రజలు మాట్లాడే తెలుగుకు, బడిలో నేర్పే తెలుగుకు ఇంత భేదమెందుకు? ఈ ప్రశ్న విశాఖపట్టణంలో ఎ.వి.ఎన్. కళాశాల ప్రధానాచార్యులైన పి.టి. శ్రీనివాస అయ్యంగారిని చేరినది. ఆయన ద్వారా పర్లాకిమిడిలో ఉపాధ్యాయులైన గిడుగు రామమూర్తి పంతులుగారిని, విజయనగరంలో గురజాడ అప్పారావుగారిని చేరినది. ఒకరు ఇన్‌స్పెక్టరు, ఒకరు ప్రిన్సిపాలు, ఒకరు బడిపంతులు, ఒకరు కవి. నలుగురి ఊళ్లు వేరు, హోదాలు వేరు. ప్రశ్న మాత్రం ఒక్కటే. ఆ ప్రశ్న నుండి వ్యావహారిక భాషోద్యమం పుట్టినది. గిడుగువారు 1919లో ‘తెలుగు’ అనే మాసపత్రికను నడిపి తమ వాదాన్ని, ఆధారాలను అందులో అచ్చువేసినారు. నేడు మనం బడిలో చదువుకొనే వచనం ఆ ఉద్యమ ఫలమే.

గ్రంథాలయ రంగంలోను ఇదే జరిగినది. 1886లో విశాఖపట్టణంలో సరస్వతీ నిలయమనే గ్రంథాలయాన్ని స్థాపించిన మంతెన ఆదినారాయణమూర్తిగారు ఉపాధ్యాయులు. 1914 ఏప్రిల్ 10న విజయవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడినది. అయ్యంకి వెంకటరమణయ్యగారి కృషితో వెలువడిన ‘గ్రంథాలయ సర్వస్వం’ పత్రిక, ఊరూర ఒంటరిగా పనిచేస్తున్న గ్రంథాలయ కార్యకర్తలను ఒక కుటుంబంగా కూర్చినది. ఈ రెండు ఉదాహరణలలోను ఒక సామాన్య లక్షణం కనిపిస్తున్నది. మాట పుట్టినది, నలుగురిలో నలిగినది, పిదప అచ్చులో నిలిచినది. నూరేళ్ల తరువాత కూడ మనం దానిని వెదకి చూడగలుగుతున్నాము.

ఇప్పటి స్థితిని పరిశీలింతము. 2017 సెప్టెంబరు 5న, ఉపాధ్యాయ దినోత్సవాన, కేంద్రప్రభుత్వం దీక్షా అనే వేదికను ప్రారంభించినది. 2020లో కరోనా వల్ల బడులు మూతపడినప్పుడు నిష్ఠా శిక్షణను దాని ద్వారానే ఉపాధ్యాయులకు అందించినారు. ఇవి మేలైన సాధనాలే. అయితే ఇందులో పాఠం ప్రధానంగా పైనుండి క్రిందికి ప్రవహిస్తుంది. ఒక బడిపంతులు తన తరగతిలో ఎదురైన చిక్కును మరొక బడిపంతులుతో చెప్పుకొనుట వేరొక విషయం. ఆ పని నేడు ఎక్కువగా వాట్సాప్, టెలిగ్రామ్ బృందాలలో జరుగుతున్నది. ఐదు తరగతులను ఒక్కరే చూచుకొనవలసిన ఉపాధ్యాయునికి అటువంటి బృందం నిజంగా ఊరట. భిన్నాలు ఎట్లు చెప్పవలెనని రాత్రి అడిగితే తెల్లవారేసరికి నాలుగు సమాధానాలు వస్తవి.

ఆ నాలుగు సమాధానాలు వారం తరువాత ఏమైనవి? పండుగ శుభాకాంక్షలు, ఉత్తర్వుల నకళ్లు, ఎవరు వ్రాసినారో తెలియని హెచ్చరికలు వాటిపై పడి కప్పివేసినవి. ఫోను మారినప్పుడు మిగిలినవి కూడ పోయినవి. కొత్తగా చేరిన ఉపాధ్యాయుడు అదే ప్రశ్నను మరల మొదటినుండి అడుగుతున్నాడు. ఇది మొదటి లోపం. రెండవది అంతకంటె పెద్దది. మాట వస్తున్నది గాని, అది ఎవరి మాటయో తెలియుటలేదు.

ఈ రెండవ లోపానికి మన విద్యాసంప్రదాయంలోనే మందు ఉన్నది. 810లో బుఖారాలో జన్మించిన ఇమామ్ బుఖారీ హదీసుల సేకరణకై దేశదేశాలు తిరిగినారు. ఒక హదీసును స్వీకరించే ముందు దానిని ఎవరు చెప్పినారు, వారికి ఎవరు చెప్పినారు, వారి నడవడి, జ్ఞాపకశక్తి ఎట్టివి అని పరిశోధించినారు. ఆ కథకుల పరంపరకే ఇస్నాద్ అని పేరు. పవిత్ర వాక్యం విషయంలోనే అంత పరీక్ష అవసరమైనప్పుడు, పిల్లలకు చెప్పబోయే చరిత్ర తేదీని, ఆరోగ్య సూత్రాన్ని, ఎవరో పంపినారన్న కారణంతో స్వీకరించుట న్యాయమా?

మొదటి లోపానికి గ్రంథపాలకులే దారి చూపినారు. 1992లో అమెరికాలో పాఠశాల గ్రంథపాలకులు ఎల్.ఎం. నెట్ అనే ఈ-మెయిల్ సమూహాన్ని ఏర్పరచుకొన్నారు. ప్రశ్న అడిగినవారే వచ్చిన సమాధానాలన్నింటిని క్రోడీకరించి, సారాంశాన్ని తిరిగి అందరికి పంపుట అక్కడి మర్యాద. ప్రశ్నకు ఒక శీర్షిక, సారాంశానికి వేరొక శీర్షిక. ఆ చిన్న నియమం వల్ల ఒకరి అవసరం పదిమందికి ఆస్తి అయినది. మన రంగనాథన్‌గారు గణితోపాధ్యాయులుగా ఉండి, 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథపాలకులైనారు. 1931లో ప్రకటించిన పంచసూత్రాలలో పాఠకుని కాలాన్ని వృథా కానీయరాదన్న ధర్మాన్ని ఆయన ప్రత్యేకంగా పేర్కొన్నారు. ఆ ధర్మం అంతర్జాలానికి ఇంకను ఎక్కువగా వర్తిస్తుంది.

కాని అనేక ప్రభుత్వ పాఠశాలలలో ప్రత్యేక గ్రంథపాలకుడు లేడు. ఎవరో ఒక ఉపాధ్యాయునికి పుస్తకాల బీరువా తాళంచెవి అప్పగించి ఉంటారు. అందువలన మేము చేయు సూచనలు స్వల్పమైనవే. బృందంలో మంచి సమాధానం వచ్చినప్పుడు తరగతి, పాఠం, చెప్పినవారి పేరు, తేదీ చేర్చి ఒకచోట భద్రపరచవలెను. తెలుగును, ఉర్దూను యూనికోడ్ లిపిలో టైపు చేయవలెను. పాత ఫాంట్లలో కూర్చినది, బొమ్మగా పంపినది రేపు వెదికితే దొరకదు. పిల్లల ఫోటోలను, మార్కులను బృందంలో పెట్టరాదు. పని జరిగినట్లు చూపుటకు పసివారి ముఖం సాక్ష్యం కావలసిన అవసరం లేదు.

ఉత్తరాంధ్రలో ఉర్దూ బోధించేవారు చెదురుమదురుగా ఉన్నారు. ఒక పట్టణంలో ఒకే ఒక్క ఉర్దూ ఉపాధ్యాయుడున్నచోట సలహా అడుగుటకు పక్కగదిలో తోటివారుండరు. అట్టివారికి ఈ బాంధవ్యం సౌకర్యం మాత్రమే కాక, వృత్తికి ప్రాణాధారం కూడ. ఉర్దూ, తెలుగు రెండు భాషలను పోషిస్తున్న మన కళాశాల ఈ విషయంలో ఊరకుండరాదు. కళాశాల గ్రంథాలయంలో ఒక కంప్యూటరును, ఒక రిజిస్టరును ఇందుకై కేటాయించి, పరిసర పాఠశాలల ఉపాధ్యాయుల ప్రశ్నలకు నెలకొక సారాంశాన్ని రెండు భాషలలో తయారు చేయు బాధ్యతను విద్యార్థులకు అప్పగించవలసినదిగా పాలకవర్గ పెద్దలను కోరుచున్నాము. దీనికి వ్యయం స్వల్పం. కావలసినది క్రమశిక్షణ.

విద్యార్థులారా! రేపు మీరు ఏ కొండక్రింది బడిలోనో ఒంటరిగా నిలబడవలసి రావచ్చును. ఆనాడు అడుగుటకు సిగ్గుపడకండి. తెలిసినది చెప్పుటకు వెనుదీయకండి. చెప్పినదాని క్రింద మీ పేరు వ్రాయుట మరువకండి.